వలదారం మీద పదకొండు ముడులు

మా అత్త వరహాలమ్మ నలభై ఏళ్ళపాటు నోట్లో నిప్పు పెట్టుకుని బతికింది. అబద్ధం కాదండీ. మా కొల్లేటి లంకల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లోకి పెట్టుకుని తాగడమన్నమాట. గాలికి ఆరదు, వానకి తడవదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆ రెండు చేతులతోనూ అత్త పొద్దస్తమానం వల అల్లేది. నోట్లో నిప్పు అలా ఉండగానే తిట్టేది కూడా. అందరికంటే నన్నే ఎక్కువ తిట్టేది.

వరసకి నాకు సొంత మేనత్త, మా నాన్నకి అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషే. తన కొడుకు వీరాస్వామికి నన్ను చేసుకున్నాక మాత్రం అచ్చం అత్తగారైపోయింది. "ఏమే ముత్యాలూ, ఇది పులుసా, కొల్లేటి నీళ్ళా?" అనేది. నేనూ ఊరుకునే రకం కాదు లెండి. "కొల్లేటి నీళ్ళే అత్తా, నువ్వు పుట్టినప్పట్నించీ తాగుతున్నావుగా" అనేదాన్ని. మా ఇంట్లో మాటలన్నీ ఇలాగే ఉండేవి. బయటివాళ్ళు వింటే కొట్టుకుంటున్నాం అనుకునేవారు.

అత్త పన్నెండో ఏట కాపరానికొచ్చిందట. కొడుక్కి నాలుగేళ్ళప్పుడు ఉప్పుటేరు పొంగి మావగారి దోనె బోర్లాపడింది. ఆయన శవం కూడా దొరకలేదు. అప్పట్నించీ వలలు అల్లి, చేపల గంప ఆకివీడు స్టేషనుకి మోసి కొడుకుని పెంచింది. అక్షరం ముక్క రాదు. ఆవిడ లెక్కంతా ముడుల్లోనే. ఎవరికైనా వల పది రోజుల్లో ఇస్తానని ఒప్పుకుంటే, ఓ దారం ముక్క చూరుకి వేలాడగట్టి, పొద్దు పొడవగానే ఒక ముడి వేసేది. వీరాస్వామి బావ ఊరెళ్ళినా అంతే, నేను నీళ్ళాడితే పురిటి రోజులకీ అంతే. మా ఇంటి చూరు నిండా దారాలు వేలాడుతుండేవి. ఏ దారం దేనిదో ఆవిడకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నాకు ముందు ఇద్దరు పిల్లలు పోయారు. ఒకడు మూడో నెలలో ఫిట్సొచ్చి పోయాడు. రెండోది ఏడాది నిండకుండా వాంతులూ విరేచనాలతో పోయింది. మూడోది నాంచారి, యాభై ఆరో సంవత్సరం పుట్టింది. అది తుమ్మితే నాకు గుండె జారేది. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఇది కూడా పోతే నేను బతకనని బావతో ఒట్టేసి చెప్పాను. అత్త ఆ మాట విని, మొట్టమొదటిసారి నన్ను తిట్టకుండా లేచి వెళ్ళిపోయింది.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి కుంకుమ తెచ్చి, ఆకివీడులో కంసాలి చేత చిన్న వెండి గొట్టం చేయించి, అందులో పెట్టి లక్కతో మూసి, పిల్ల మెడలో నల్లతాడుకి కట్టాను. అదీ దాని తాయెత్తు. ఆ తాయెత్తు చుట్టూనే తిరుగుతుంది నేను చెప్పబోయేదంతా.

పిల్లకి ఏడో నెల నడుస్తుండగా అత్తకి అంగిట్లో పుండు లేచింది. తినలేదు, మింగలేదు, తిట్టలేదు కూడా. ఆవిడ తిట్టకపోయేసరికి నాకు భయమేసింది. ఆకివీడు డిస్పెన్సరీలో కాంపౌండరు ఇమ్మానుయేలుగారు టార్చిలైటు వేసి చూసి, మొహం మాడ్చుకుని, "ఇది మావల్ల కాదు వీరాస్వామీ, మీ అమ్మని పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు" అన్నారు. బావ రైలెక్కించి తీసుకెళ్ళాడు.

అక్కడ పెద్ద డాక్టరుగారు ఆవిడ నోట్లో, పుండు చుట్టూ, ఏడు సూదులు గుచ్చారట. సూదులంటే మన కుట్టు సూదులు కావు. వేలి కణుపంత పొడుగు, లోపల బోలు, చివర బెజ్జం, బెజ్జంలో పట్టుదారం. దారాలన్నీ నోటి బయటికి లాగి బుగ్గ మీద ప్లాస్టరు అంటించారు. ఏడు రోజులు అలా ఉంచారు. నర్సమ్మ పళ్ళెం దూరంగా పెట్టేసి పారిపోయేదట. బావని కూడా గుమ్మం దగ్గరే నిలబెట్టేవారు. అత్త డాక్టరుగారిని చేతిసైగలతో అడిగింది, ఇందులో ఏముందని. "రేడియం అనే మందుందమ్మా. వెయ్యేళ్ళ తర్వాత కూడా దీని బలం సగానికి పైనే ఉంటుంది" అన్నాడాయన. గొప్పగానే చెప్పాడు, పాపం. ఆ మాట మా అత్త చెవిలో పడటమే మా కర్మ.

ఏడో రోజున పుండు నల్లబడి ఎండుముఖం పట్టింది. సూదులు లాగి ట్రేలో పెడుతున్నారు. పక్కమంచం మనిషికి భళ్ళున వాంతయితే నర్సమ్మ అటు పరిగెత్తింది. అంతే. మా అత్త ట్రేలోంచి ఒక సూది తీసి చుట్టల సంచిలో వేసి, ఆ సంచి బొడ్లో దోపుకుంది. జన్మలో ఇంకొకరి చేప పిల్లని కూడా ముట్టుకోని మనిషండీ! ఆవిడ మనసులో ఉన్నదొక్కటే. వెయ్యేళ్ళు తరగని మందు, చావాల్సిన నన్ను బతికించిన మందు, నా మనవరాలి మెడలో ఉంటే ఇక దానికేం భయం?

మా వాళ్ళలో పసరు మందు వేసేవాళ్ళు ఆ మందేదో బయటికి చెప్పరు. చెబితే గుణం పోతుందని గట్టి నమ్మకం. అందుకని ఆవిడ కొడుక్కి చెప్పలేదు, నాకు చెప్పలేదు. ఇంటికొచ్చిన సాయంత్రం పిల్లని ఆడిస్తున్నట్టు ఒళ్ళో వేసుకుని, తాయెత్తు మూత ఊడదీసి, సూది లోపలికి తోసి, మైనం పెట్టి మూసేసింది. డాక్టరుగారు ఏడు రోజులు ఉంచారు కాబట్టి తనూ ఏడు రోజులే ఉంచాలనుకుంది. చూరుకి కొత్త దారం ఒకటి కట్టింది. నేను చూశాను. ఏదో వల తాలూకు అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్న పిల్లకి నీళ్ళు పోద్దామని చూస్తే మెడలో తాయెత్తు లేదు. గొంతు గుంటకి కింద, రొమ్ము మీద, అర్ధణా బిళ్ళంత ఎర్రగా కందింది. "అత్తా, తాయెత్తేది?" అన్నాను. "నేనే తీశాను" అంది, అటు తిరిగి. మాట ఇంకా ముద్దగానే వచ్చేది. "ఎందుకు తీశావు?" ఉలకదు పలకదు. నాకు ఒళ్ళు మండింది. "వెండి మీద అంత ఆశ పుట్టిందా ముసలితనంలో? చంటిపిల్ల మెడలో అమ్మవారి కుంకుమ తీయడానికి నీకు చేతులెలా వచ్చాయి?" అన్నాను. ఆవిడ చూరుకున్న ఆ దారం విప్పుకుని, చాప చంకన పెట్టుకుని, దోనె ఎక్కి, రెల్లు పొదల అవతలికి, కేకేస్తే వినపడేటంత దూరం వెళ్ళి గెడ పాతి కట్టుకుంది. ఇక ఇంటికి రాలేదు.

మతి పోయిందనుకున్నాను. కూడు తీసుకెళ్తే, "అక్కడే పెట్టు! దగ్గరికి రాకు! పిల్లనేసుకుని అసలు రాకు!" అని గావుకేకలు పెట్టేది. గెడ కొసకి గిన్నె తగిలించి ఇవ్వాలి. బావ వెళ్ళి బతిమాలితే బురద తీసి విసిరింది. ఊళ్ళోవాళ్ళు నోటి పుండు అంటురోగమేమోనన్నారు. అప్పుడు నాకు పట్టుకుంది భయం. అంటురోగమైతే మరి పిల్లని రెండ్రోజులు ఒళ్ళో పెట్టుకుందిగా!

పిల్ల రొమ్ము మీద కందిన చోట పొక్కులు లేచాయి. ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది, పాలు తాగడం మానేసింది. ఊరంతా అమ్మవారు పోసిందన్నారు. అమ్మవారు పోస్తే మందు వెయ్యకూడదుగా. వేపమండలు పరిచి, చలివిడి చేసి, తల్లికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాను. కానీ అమ్మవారయితే ఒళ్ళంతా రావాలి కదా, ఈ ఒక్క చోటే ఎందుకొచ్చింది? అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం. రోజుకి రెండుసార్లు గట్టు మీదికెళ్ళి రెల్లు వైపు తిరిగి, "నా పిల్లకి నీ రోగం అంటించావు కదే! పెంచిన చేతులతోనే చంపుతున్నావు కదే!" అని నోటికొచ్చింది తిట్టేదాన్ని. 

అలా వారం పైన గడిచాక ఒక మధ్యాహ్నం ఇమ్మానుయేలుగారు దోనెలో వచ్చారు. ఆయన వెనక కళ్ళజోడు పెట్టుకున్న సన్నపాటి మనిషి, భుజాన ఒక ఇనప పెట్టె, కాళ్ళ దగ్గర పట్టకారూ, మూతున్న సీసపు కుండా. పట్నం ఆసుపత్రి నుంచి వచ్చాడట, పేరు నిత్యానందం. ఆసుపత్రిలో ఒక సూది తగ్గిందనీ, మురుక్కాలవలూ చాకలి మూటలూ వెతికి వెతికి, ఆ రోజు ఇంటికెళ్ళిన రోగుల ఊళ్ళన్నీ తిరుగుతున్నాననీ చెప్పాడు. పెట్టె మీట నొక్కితే ఆగి ఆగి టక్కు, టక్కు అని కొడుతోంది. "ఇది ఊరికే గాలికి కొట్టేదండీ. సూది దగ్గరకొస్తే దీని గోల వేరుగా ఉంటుంది" అన్నాడు.

మా ఇంట్లోకొచ్చాడు. పెట్టె మామూలుగానే కొట్టింది. ఉయ్యాల దగ్గర పిల్ల రొమ్ము చూశాడు. చూసి నిలబడిపోయాడు. "ఇది అమ్మవారు కాదమ్మా" అన్నాడు. "ఏవండీ, మరి ఏంటండీ?" అన్నాను. "పిల్ల మీద ఏదైనా కట్టారా?" అని అడిగాడు. తాయెత్తు మాట చెప్పాను. ఎవరు తీశారో, ఇప్పుడెక్కడుందో చెప్పాను. ఆయన పెట్టె భుజానికెత్తుకున్నాడు.

బావ, ఇమ్మానుయేలుగారు, నిత్యానందం, పిల్లనెత్తుకుని నేను, గట్టు చివరికి పరిగెత్తాం. ఆయన మమ్మల్ని అక్కడే ఆపి, బావ ఒక్కడినే తీసుకుని దోనెలో రెల్లు వైపు వెళ్ళాడు. పెట్టె చప్పుడు గట్టు మీదికి వినపడుతూనే ఉంది. ముందు టక్కుటక్కు. తర్వాత చినుకులు. తర్వాత రేకు మీద పెద్దవాన పడ్డట్టు. "ఎక్కడ దాచావమ్మా?" అని ఆయన అరిచాడు. అత్త లేచి నిలబడి చీర కుచ్చెళ్ళు కొంచెం కిందికి జరిపిందట. తాయెత్తు ఆవిడ మొలతాడుకే ఉంది. దాని కింద నడుము పచ్చిపుండయి నల్లగా కమిలిపోయి ఉందని బావ తర్వాత నాకు చెప్పి ఏడ్చాడు.

ఆయన పొడుగాటి పట్టకారుతో దాన్ని పట్టుకుని సీసపు కుండలో వేసి మూతపెట్టాడు. వెయ్యబోయే ముందు ఒక్క క్షణం ఎండలో చూశాడట. వెండి గొట్టం మీద సన్నగా రెండు నొక్కులున్నాయట. మైనం మూత సగం లేదు. నాంచారికి అప్పుడే కింద రెండు పళ్ళొచ్చాయి. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుని కొరికే ఈడు.

గట్టు మీదికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడాయన. "అమ్మా, సూది బయటుంటే పైపైన కాలుస్తుంది. అదొక ప్రమాదం. సూది పగిలి లోపలి పొడి ఆవగింజలో వందో వంతు మింగినా, అది సున్నం పోయినట్టు పోయి ఎముకల్లో కూర్చుంటుంది. మూలగని తినేస్తుంది. తీయడానికి మందు లేదు. బాంబులకి వాడే ప్లుటోనియం అని ఒకటుంది, అదీ ఈ జాతిదే. చర్మం మీద పడితే కడిగేసుకోవచ్చు. ఊపిరితోనో, పుండులోంచో లోపలికి పోయిందా, ఎముకల్లో, కాలేయంలో దిగి మనిషి బతికినన్నాళ్ళూ ఉంటుంది. ఏళ్ళ తర్వాత పుండై బయటపడుతుంది." ఆయన చెప్పిందంతా నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎముకల్లో కూర్చుంటుంది అన్నది మాత్రం అర్థమైంది. "అయ్యబాబోయ్, నా పిల్ల మింగిందాండీ? చెప్పండి బాబూ!" అని ఆయన కాళ్ళ మీద పడ్డాను.

"పెట్టె చెబుతుంది" అన్నాడు. సీసపు కుండని ఇమ్మానుయేలుగారి చేత దోనెలో చాలా దూరం పంపించేశాడు. పిల్ల బట్టలు విప్పించి, నీళ్ళు పోయించి, అరటాకు మీద పడుకోబెట్టించాడు. ముందు పిల్ల లేకుండా పెట్టె కొట్టే దెబ్బలు నిమిషంపాటు లెక్కపెట్టాడు. పద్దెనిమిది. "పిల్ల దగ్గర కూడా ఇరవై లోపే కొడితే లోపల ఏమీ లేనట్టు. ఆగకుండా కొడితే..." అని ఆపేశాడు.

పెట్టెని పిల్ల కడుపు మీదికి వంచాడు. నేను వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతున్నాను. ఒకటి. రెండు, మూడు వెంటవెంటనే కొట్టేసరికి నా ప్రాణం పోయింది. బావ నా భుజం పట్టుకున్నాడు. ఏడు. ఎనిమిది. పిల్ల పెట్టె పట్టుకోబోయి నవ్వింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. తల్లీ, చాలమ్మా, ఇక కొట్టకమ్మా అని ఆ ఇనప పెట్టెకి దణ్ణం పెట్టాను. పదిహేను. పదహారు. చాలాసేపు ఏమీ లేదు. పదిహేడు.

"అయింది" అన్నాడు నిత్యానందం. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లోపలికి పోలేదమ్మా. సూది పగల్లేదు."

నేను నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. కానీ ఆయన ప్రశ్న ఇంకోటి మిగిలే ఉంది. "బయట కాలిన గాయం సంగతి తేలాలి. ఎన్నాళ్ళు కట్టారో కచ్చితంగా తెలియాలి. రెండ్రోజులైతే మచ్చతో పోతుంది. వారమైతే నేనేమీ చెప్పలేను." బావ నా వైపు చూశాడు. నాకేం తెలుసు? ఎప్పుడు పెట్టిందో ఎప్పుడు తీసిందో ఎవరికీ తెలీదు.

అత్తని మాకు కొంచెం ఎడంగా గట్టు మీద కూర్చోబెట్టారు. నడుము ఒక పక్కకి వంచుకుని కూర్చుంది. మెల్లగా బొడ్లోంచి వలదారం తీసి ఆయనకిచ్చింది. దాని మీద ముందు రెండు ముడులు. తర్వాత వేలెడంత ఖాళీ. ఆ తర్వాత వరసగా తొమ్మిది ముడులు.

"ఈ రెండూ పిల్లవి" అంది, ముద్దమాటతో. "మూడో పొద్దు పొడిచేసరికి, సంచి దోపుకున్న చోట నా నడుమూ కందింది, దాని రొమ్మూ కందింది. నర్సమ్మ ఎందుకు పారిపోయేదో అప్పుడు తెలిసింది బాబూ. వెంటనే తీసేశాను. ఈ తొమ్మిదీ నావి."

"కొల్లేట్లో పారేయకపోయావా అత్తా!" అన్నాను. అప్పటికీ నా గొంతులో కోపం పోలేదు.

"ఈ నీళ్ళే తాగుతాం, ఈ చేపలే తింటాం కదే. పాతిపెడితే వరదకి బయటపడుతుంది. వెండి కనపడితే ఏ తల్లయినా తీసుకెళ్ళి పిల్లకి కట్టదూ? వెయ్యేళ్ళన్నాడు డాక్టరు. చెబుదామంటే దొంగతనం కింద పోలీసులు నా కొడుకుని పట్టుకెళ్తారని భయం. నా పుండు ఎరిగిన సూదే కదా, నన్నేం చేస్తుందిలే అనుకున్నాను."

ఆయన ఆ దారం చేత్తో పట్టుకుని ముడులు ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టాడు. తర్వాత కాగితం మీద రెండు అంకెలు వేసుకుని దారం నాకిచ్చేశాడు.

ఆ రోజే అత్తని మళ్ళీ పట్నం తీసుకెళ్ళారు. నోట్లో పుండు పూర్తిగా మానిపోయింది. నడుము మీది పుండు మాత్రం మానలేదు. ఎముక దాకా పోయింది. మరుసటి వానాకాలం మొదట్లో అత్త పోయింది. పోయేవరకూ పిల్లని గుమ్మం దగ్గర నిలబడి చూపించమనేది. సూది ఇప్పుడు నీ దగ్గర లేదత్తా, దగ్గరికి తెస్తానంటే ఒప్పుకునేది కాదు.

నాంచారికి పదేళ్ళొచ్చేవరకూ ఏటా ఏలూరు తీసుకెళ్ళి నెత్తురు పరీక్ష చేయించాను. ఇప్పుడు దానికి ముగ్గురు పిల్లలు. రొమ్ము మీద అర్ధణా బిళ్ళంత తెల్లమచ్చ ఉంది. ఇప్పటికీ దానికి కాస్త జ్వరమొస్తే నాకు పాత భయం తిరిగి పట్టుకుంటుంది. నా ట్రంకుపెట్టె తెరిచి ఆ దారం తీసి, రెండేనా, నిజంగా రెండేనా అని తడిమి చూసుకుంటాను. రెండే. అక్కడితో దారం మడిచి పెట్టెయ్యాలనుకుంటాను. కానీ వేలు ఖాళీ దాటి ముందుకెళ్తుంది. ఆ తొమ్మిది రోజులూ నేను రోజుకి రెండుసార్లు గట్టు మీద నిలబడి ఆవిడని తిట్టాను.